పోయిరా బాపు

మొన్న వేసవి సెలవులకు ముందు మా తమ్ముడు రాజేశం గోదావరిఖని నుంచి పెద్దపల్లిలోని మా ఇంటికి వచ్చాడు. భార్య లావణ్యనూ, కూతురు శ్రీనిధినీ వెంటబెట్టుకొచ్చాడు. వాడు ఎప్పుడొచ్చినా గేటు దగ్గరి నుంచే "అక్కా, చాయ పెట్టు" అని కేకేస్తూ వస్తాడు. ఆ రోజు కేక లేదు. ఓపెన్‌కాస్టు గనిలో ఇల్లంత ఎత్తున్న డంపర్ నడిపే మనిషి, ముందు గదిలో కుర్చీ అంచున కూర్చుని బండి తాళంచెవిని అరచేతిలో తిప్పుతూ ఉండిపోయాడు. లావణ్య నా వెనకే వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"వదినా, ఇంట్ల కత్తులు మాయమైతున్నయ్," అంది మెల్లగా. "పక్కింటోళ్లు అడుక్కపోయి మళ్ల ఇయ్యలేదేమో అనుకున్న. మొన్న బియ్యం డబ్బల చెయ్యి పెడితే కూరగాయల కత్తి తాకింది. పిల్లే దాస్తుందట. నేను పండుకున్నప్పుడు నన్ను పొడుస్తనేమో అని భయమైతుందని ఏడ్సింది. కన్నతల్లిని పొడుస్తదా వదినా ఎవలన్న? మా అమ్మకు చెప్తే ఏదో గాలి తాకింది, తాయెత్తు కట్టిద్దామంటున్నది."

నేను తలుపు సందులోంచి ముందు గదిలోకి చూశాను. శ్రీనిధి దివాన్ మీద కూర్చుని ఉంది. పన్నెండేళ్ల పిల్ల. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటిని బరువుతో అణిచిపెట్టి కూర్చుంది. టీవీ నడుస్తున్నా చూడటం లేదు. చాయ పొంగేలోపు అక్కడి నుంచే కేకేసింది, "అమ్మా, నీకేం కాలే కదా?" అని. "ఏం కాలేదు బిడ్డా," అంది లావణ్య, అలవాటైన గొంతుతో. పిల్ల ముఖం ఒక్క క్షణం తేటపడింది. నేను గ్లాసుల్లో చాయ పోసేలోపు మళ్లీ అదే కేక. ప్రశ్నకూ ప్రశ్నకూ మధ్య ఆ ముఖం తేటపడటం, వెంటనే మబ్బు పట్టడం చూస్తూ చాయ గిన్నె పక్కన పెట్టాను. ఆ పిల్ల భయం నాకు తెలియని భయమే. కానీ ఆ ముఖం నాకు బాగా తెలుసు. నేను ఆ ముఖంతోనే పెరిగాను.

చాయ తాగాక రాజేశం నన్ను వాకిట్లోకి పిలిచి అడిగాడు. "అక్కా, నీకు చిన్నప్పుడైంది గిదేనా?"

"గిదే," అన్నాను. వాళ్లు వెళ్లిపోయాక కూడా చాలాసేపు ఆ వాకిట్లోనే కూర్చున్నాను. మా క్వార్టరూ, మా బాపూ, ఆ పొద్దులూ ఒక్కొక్కటిగా వచ్చి నా ముందు కూర్చున్నాయి.

గోదావరిఖనిలో గని కంపెనీ ఇచ్చిన మా క్వార్టరు రెండు గదులది. వరుసగా అలాంటివే ఎన్నో ఉండేవి. తెల్లవారితే ప్రతి ఇంటి ముందూ బొగ్గుల పొయ్యి రాజుకునేది. ఆ పొగ గల్లీ మీద కప్పులా పరుచుకుని, ఎండ ఎక్కితే తప్ప లేచేది కాదు. ఇప్పటికీ ఎక్కడైనా బొగ్గు పొగ వాసన తగిలితే నేను ఆ గల్లీలోనే ఉంటాను. మా అవ్వ, అంటే మా అమ్మ శంకరవ్వ, వాకిలి ఊడ్చి నీళ్లు చల్లి, పొయ్యి మీద అన్నం పెట్టి, బాపు సద్దిగిన్నె తోమి బోర్లించేది. మా నాన్న ఎల్లయ్య, మేం బాపు అని పిలిచే మనిషి, బాయిలో పనిచేసేవాడు. మా దిక్కు గనిని బాయి, అంటే బావి అనే అంటారు. కమాన్‌పూర్ దగ్గరి పల్లెలో వ్యవసాయం వదిలి వచ్చినవాళ్లకు భూమిలోకి దిగే చోటు ఏదైనా బాయే మరి. చెమ్మస్‌తో, అంటే వెడల్పాటి పారతో, బొగ్గు ఎత్తి, తట్టలో నింపి, నెత్తిన మోసుకుపోయి పట్టాల మీది టబ్బులో పోసే పని ఆయనది. షిఫ్టు దిగి వచ్చాక గోలెం దగ్గర కూర్చుంటే ఆయన ఒంటి మీది నీళ్లు నల్లటి పాయలుగా మోరీలోకి పోయేవి. ఎంత రుద్దినా కంటి రెప్పల అంచుల్లో కాటుకలా బొగ్గు మిగిలేది. సద్దిలో ఒక ముద్ద మిగిల్చుకుని తెచ్చేవాడు. బాయిలో చల్లబడి, ఇనుము వాసన పట్టిన ఆ ముద్ద కోసం నేనూ తమ్ముడూ కొట్లాడుకునేవాళ్లం.

మా పక్క క్వార్టరులో కొమురయ్య కాక ఉండేవాడు. పాటలు పాడుతూ సైకిలు తుడుచుకునే మనిషి. ఒక రోజు వేళ కాని వేళలో సైరన్ మోగింది. గల్లీలోని ఆడవాళ్లంతా చేతిలో పని చేతిలోనే వదిలి బయటికి వచ్చి నిలబడ్డారు. ఎవరింటి ముందు కంపెనీ జీపు ఆగుతుందోనని చూస్తున్నారు. జీపు కొమురయ్య కాక ఇంటి ముందు ఆగింది. లోపల కప్పు బండ కూలి ఆయన మీద పడింది. ఆయన భార్య రాజవ్వ చిన్నమ్మ గుండెలు బాదుకుంటూ నేల మీద పడి ఒకే మాట అరిచింది. "నేనే పిలిస్తి! సద్ది మరిచిపోతున్నవని ఎనుకకెల్లి పిలిస్తి! నా నోరు పడిపోను, నేనే పిలిస్తి!" ఆడవాళ్లు ఆమెను పట్టుకున్నారు కానీ, పిలిస్తే బండ కూలదని మాత్రం ఒక్కరూ అనలేదు. నేను మా గడపలో నిలబడి విన్నాను. అప్పుడు నేను శ్రీనిధి కంటే కొంచెం చిన్నదాన్ని.

మరునాడు బాపు డ్యూటీకి బయలుదేరుతుంటే, రోజూ అన్నట్టే "పోయిరా బాపు" అన్నాను. ఆ మాట నోట్లో ఉండగానే బండ కింద బాపు కనిపించాడు. నేను అనుకోలేదు, పిలవలేదు, అది దానంతటదే వచ్చి కళ్ల ముందు నిలిచింది. ఆ బొమ్మతో కలిసి బయటికి వచ్చిన మాట మంచి మాట ఎట్లా అవుతుంది? మళ్లీ శుభ్రంగా అనాలి. కానీ బాపు అప్పటికే వాకిలి దాటాడు. మళ్లీ అనాలంటే వెనక నుంచి పిలవాలి. వెనక నుంచి పిలిస్తే కొమురయ్య కాక పోయాడు. అనకపోతే బండ, పిలిస్తే బండ. వెనక గల్లీలోంచి చెప్పులు లేకుండా పరుగెత్తి, వరుస చివర బోరింగు దగ్గర బాపుకు ఎదురుగా నిలబడి, ముఖంలోకి చూస్తూ "పోయిరా బాపు" అన్నాను. ఆయన నవ్వి నా తల నిమిరి వెళ్లాడు. ఆ పూట నా ఒళ్లంతా తేలికైపోయింది. ఆ తేలికతనమే నన్ను పట్టుకుందని, అదే ఆ తర్వాత నా బతుకంతా తింటుందని అప్పుడు తెలియదు.

కొన్నాళ్లకు బోరింగు దగ్గర ఒక్కసారి అంటే సరిపోలేదు. అంటున్నప్పుడు బొమ్మ రాకూడదు. గొంతు తడబడకూడదు. మధ్యలో ఎవరైనా దగ్గితే అది చెల్లదు. బాపు అక్కడే సైకిలు పట్టుకుని నిలబడేవాడు. నేను ఏడుస్తూ అంటూనే ఉండేదాన్ని. ఆయన ఒక్కసారి కూడా కోప్పడలేదు. వంగి నా కళ్లలోకి చూస్తూ అడిగేవాడు. "అన్నవా బిడ్డా? మంచిగన్నవా? ఇగ పోదునా?"

"ఆగు బాపు, ఇంకొక్కసారి."

"అను. నేనేడికి పోత, గిక్కడ్నే ఉన్న."

ఆలస్యమైతే హాజరు పడదు. దాన్ని మస్టర్ పడలేదంటారు. మస్టర్ పడని మనిషి సద్దిగిన్నెతో ఇంటికి తిరిగి రావాల్సిందే. బాపు అట్లా తిరిగి రావడం మొదలైంది. అవ్వ మొదట అర్థం చేసుకోలేదు, తర్వాత భయపడింది, చివరికి ఒక పొద్దున చీపురు తిరగేసి నన్ను కొట్టింది. కొడుతూనే ఏడ్చింది. "నీకేం పుట్టిందే! నోరు మూసుకుని బడికి పోవేందే!" నేను దెబ్బలకు ఏడవలేదు. కొట్టే చప్పుడులో నా మాట చెడిపోయిందని ఏడ్చాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి మాటలు లేవు. మనసులో తండ్రిని రోజూ బండ కింద చూసే పిల్ల, ఆ మాట ఎవరితో అంటుంది?

అవ్వ చేయని ప్రయత్నం లేదు. రామగిరి దిక్కు ఒక ముసలామె దగ్గరికి తీసుకుపోతే నా నెత్తిన నిమ్మకాయ కోసింది. దర్గాలో తాయెత్తు కట్టించింది. ఒక డాక్టరు రక్తం తక్కువుందని తియ్యటి మందు సీసా ఇచ్చాడు. ఆ మందు నాకు ఇష్టంగా ఉండేది. బోరింగు దగ్గరి పని మాత్రం ఆగలేదు. అందరూ అలిసిపోయాక బాపు ఒక ఉపాయం ఆలోచించాడు. ఒక పొద్దున నేను లేవకముందే వెళ్లిపోయాడు.

నేను లేచేసరికి ఆయన సైకిలు లేదు. నేను ఆ మాట అనలేదు. ఏమీ అనలేదు. ఆ రోజు నేను పడ్డ భయాన్ని ఇన్నేళ్లుగా కథలు రాస్తున్నదాన్నై ఉండి కూడా ఎన్నడూ రాయలేకపోయాను. లంగా, జాకెట్ల మీదనే బొగ్గు లారీల రోడ్డు వెంట బాయి గేటు దాకా పరుగెత్తాను. కావలిమనిషి "ఎవల బిడ్డవే?" అని అడిగాడు. ఎల్లయ్య బిడ్డనన్నాను. "మీ బాపు దిగి శానసేపాయె. ఇంటికి పో," అన్నాడు. నేను పోలేదు. గేటు పక్కన కంకర కుప్ప మీద కూర్చుని షిఫ్టు దిగేదాకా "పోయిరా బాపు" అంటూనే ఉన్నాను. ఎండకు పెదవులు పగిలాయి. కావలాయన మధ్యలో నీళ్లు తెచ్చి ఇచ్చాడు. తాగితే మాట ఆగిపోతుందని తాగలేదు. షిఫ్టు విడిచాక నల్లటి మనుషుల మధ్యలోంచి బాపు వచ్చాడు. నన్ను చూసి ఆయన చేతిలోని గిన్నె జారిపోయింది. సైకిలు అక్కడే వదిలేసి నన్ను ఎత్తుకుని, అంత పెద్ద పిల్లను, ఇంటిదాకా మోసుకొచ్చాడు. దారిలో "చూసినవా బిడ్డా, నువ్వు అనకున్నా నేనొచ్చిన. ఏం కాలే," అన్నాడు. ఆయన దృష్టిలో ఆ పూట నా భయం అబద్ధమని తేలిపోయింది. నాకు మాత్రం వేరేలా తేలింది. నేను గేటు దగ్గర కూర్చుని అన్నాను కాబట్టే ఆయన బతికి వచ్చాడు. ఈ జబ్బు ఇట్లాంటిది. దానికి ఎదురుగా ఏ సాక్ష్యం పెట్టినా దాన్నీ నమిలి మింగి తనలో కలుపుకుంటుంది. మరునాటి నుంచి నేను బడికి పోలేదు. గేటు దగ్గరికి పోయాను. ఆ ఏడు చదువు పోయింది.

ఆ తర్వాత బాపు చేసిన పనిని మా గల్లీలో ఎవరూ అర్థం చేసుకోలేదు. ఆఫీసుల చుట్టూ తిరిగి, బతిమాలి, బాయి లోపలి పని మాన్పించుకుని సర్ఫేస్ మీద, అంటే గని బయట, మజ్దూరు పనికి మారాడు. బొగ్గు నింపడంలో పేరున్న మనిషి. గల్లీలో ఆయన జబ్బల గురించి చెప్పుకునేవారు. అలాంటి మనిషి పైన ఇనుప సామాన్లు మోస్తూ, ఊడుస్తూ ఉంటే జత పనివాళ్లు నవ్వారు. "ఎల్లయ్యకు బండంటె దడ పుట్టింది" అన్నారు. ఆయన వాళ్లతో కలిసి నవ్వాడు. ఇంటికొచ్చి నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, "ఇగ నేను కిందికి దిగ. నా మీద ఆకాశమే తప్ప బండ లేదు. నీకిగ ఫికర్ లేదు బిడ్డా," అన్నాడు. నాకు నిజంగానే ఫికర్ పోయింది. మా ఇంట్లో మళ్లీ నవ్వులు వినపడ్డాయి. అవ్వ ఆ ఆదివారం చేపల పులుసు చేసింది. నేను కడుపునిండా తిన్నాను.

ఆ పండగ ఎక్కువ రోజులు నిలవలేదు. ఒక పొద్దున రాజేశం పలక సంచి తగిలించుకుని బడికి బయలుదేరాడు. "పోయిరా తమ్మీ" అన్నాను. అంటుండగానే లారీ చక్రం కనిపించింది. వాడు రోడ్డు ఎక్కేలోపు నేను వెనక గల్లీలోంచి పరుగెత్తాను. బాపు అప్పుడు వాకిట్లో సైకిలు దగ్గర ఉన్నాడు. నేను పరుగెత్తడం చూశాడు, తమ్ముడికి ఎదురుగా నిలబడి మళ్లీ మళ్లీ అనడం చూశాడు. వచ్చి మా ఇద్దరి దగ్గర నిలబడ్డాడు. ఆయన ముఖం అంత ముసలిగా నేను అంతకు ముందెన్నడూ చూడలేదు.

"అయితే బాయి కాదన్నట్టు," అన్నాడు. అంతే. మళ్లీ ఎన్నడూ ఆయన ఆ మాట ఎత్తలేదు. లోపలి పనికి తిరిగి పోవడం కూడా ఆయనకు కుదరలేదు.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఆ జబ్బు నాతోనే పెరిగింది. ఎప్పుడూ ఒకేలా ఉండేది కాదు. అదే దాని మోసం. కరీంనగర్‌లో హాస్టల్లో చదువుకున్న రోజుల్లో దాదాపు లేనట్టే ఉంది. చిన్నతనపు పిచ్చి, వదిలిపోయిందనుకున్నాను. టీచరు ఉద్యోగం వచ్చింది, తోటి టీచరు సత్యంతో పెళ్లయింది, కొడుకు పుట్టాడు. పురుటి మంచం మీద ఉండగానే తిరిగొచ్చింది, ఈసారి మాటగా కాదు, మురికిగా. బిడ్డను ముట్టుకునే ముందు చేతులు కడిగి, కడిగి, చర్మం ఊడివచ్చేది. పాలివ్వాల్సిన పిల్లవాణ్ని ఎత్తుకోలేక అవ్వ చేతికిచ్చి గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని. సత్యం నన్ను హైదరాబాద్ తీసుకుపోయాడు. అక్కడి డాక్టరమ్మ అంతా విని, అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, ఓసీడీ అంటారని చెప్పింది. నాకు ఏడుపొచ్చింది. నాకొక్కదానికే పుట్టిన పిచ్చికి లోకంలో ఒక పేరుంది. "తగ్గుతుందా?" అని అడిగాను. ఆమె అబద్ధం చెప్పలేదు. "చాలామందికి బాగా తగ్గుతుంది. కొందరికి పూర్తిగా పోతుంది. మీకు చిన్నప్పుడే మొదలై, వైద్యం లేకుండా ఇన్నేళ్లు గడిచింది కాబట్టి ఇది మీతో వస్తూ పోతూ ఉండొచ్చు. వచ్చినప్పుడు ఎట్లా బతకాలో నేర్చుకుందాం," అంది.

మాత్రలు ఇచ్చింది, వాటితోపాటు ఒక పనీ ఇచ్చింది. భయం అడిగిన పని చేయకుండా, ఆ భయంతోనే కూర్చోవడం. సత్యం బడికి బయలుదేరుతుంటే నేను "పోయిరా" అనకూడదు. "ఇవాళ నువ్వు తిరిగిరావు" అనాలి. అని, ఇంటి పని చేసుకోవాలి. మొదటి రోజు నా నోరు తెరుచుకోలేదు. సత్యం స్కూటర్ ఆపుకుని నిలబడి, "అను సరోజా. సాయంత్రం వస్త. రాకుంటే అప్పుడు చూద్దాం," అన్నాడు. అన్నాను. అని, వంటింట్లోకి పోయి గ్యాసు బండను పట్టుకుని నిలబడ్డాను. మనిషిని నా నోటితో చంపి పంపినట్టుంది. ఆ వైద్యం పనిచేసింది. నిజంగా పనిచేసింది. కానీ అది పనిచేసే తీరు చాలా కఠినం. బాపు బోరింగు దగ్గర నిలబడి నాకు ఇచ్చిన ప్రేమంతా జబ్బుకే మేత అయిందని అక్కడ నాకు తెలిసింది. ఆ సంగతి బాపుకు నేనెన్నడూ చెప్పలేదు.

మంచి ఏళ్లు వచ్చాయి. బాగున్నాను కదా అని మాత్రలు మానేస్తే, కొన్ని నెలలకు మళ్లీ మొదటికొచ్చింది. మళ్లీ మాత్రలు, మళ్లీ కూర్చోవడం. కరోనా వచ్చినప్పుడు ఊరు ఊరంతా చేతులు కడుగుతుంటే నా చర్మం మళ్లీ పగిలింది. ఇంతలో బాపుకు ఊపిరి ఆడని రోజులు వచ్చాయి. బాయిలో ఎన్నో ఏళ్లు పీల్చిన పొడి ఆయన ఛాతీలో ఉండిపోయింది. పోయే రోజు మధ్యాహ్నం నేను పక్కన ఉన్నాను. నా పెదవులు కదలడం చూశాడు. ఆ వయసులోనూ నేనేం చేస్తున్నానో ఆయనకు తెలుసు. "ఈసారి ఏమనకు బిడ్డా," అన్నాడు. "ఊకె నా పక్కపొంటి కూసో." నేను నోరు మూసుకున్నాను. అనలేదు. బాపు పోయాడు. ఆ జబ్బును నేను పూర్తిగా గెలిచిన పూట ఏదైనా ఉంటే అదొక్కటే. ఆ తర్వాత చాలాకాలం, అననందుకే ఆయన పోయాడని అది నా చెవిలో చెబుతూనే ఉంది. నేను నమ్మలేదు, నమ్మకుండానూ ఉండలేకపోయాను.

ఇప్పుడు గోదావరిఖనిలో బాపు దిగిన బాయి మూతపడింది. బొగ్గుల పొయ్యిలు లేవు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో పేలుళ్లకు కిటికీలు అదురుతాయి. అప్పుడు మాకు పేరు తెలియదు, మందు తెలియదు. మాకున్నదల్లా బాపు ఓపిక, అవ్వ చీపురు. ఇప్పుడు శ్రీనిధి జబ్బుకు పేరుంది, కరీంనగర్‌లో డాక్టరున్నాడు, మొదటి ఏడే పట్టుకున్నాం. ఈ పిల్ల నా అంత దూరం పోనక్కర్లేదని డాక్టరు చెప్పాడు. నేనూ అదే నమ్ముతున్నాను. కానీ లోపల కాలుతున్నప్పుడు, కాలం మారిందని ఏ పిల్లకు తెలుస్తుంది?

పోయిన వారం రాజేశం ఫోన్ చేసి, "అక్కా, ఒక్కసారి రా. లావణ్యతోని అయితలేదు," అన్నాడు. వెళ్లాను. డాక్టరు ఇచ్చిన పని ఏమిటంటే, శ్రీనిధి తన తల్లి పక్కనే కూర్చుని కత్తితో కూరగాయలు కోయాలి. "నీకేం కాలే కదా?" అని అడగకూడదు. అడిగినా తల్లి జవాబు చెప్పకూడదు. నేను వెళ్లేసరికి వంటింటి నేల మీద చాప పరిచి ఉంది. లావణ్య ఒక పక్కన, పిల్ల ఒక పక్కన, మధ్యలో బీరకాయలు. శ్రీనిధి కత్తి పట్టుకుంది. ముక్క కోసిన ప్రతిసారీ కత్తిని తల్లికి దూరంగా, గోడ వైపు తిప్పుతోంది. నుదుటి మీద చెమట. ఒక కాయ అయింది. రెండో కాయ సగంలో కత్తి జారవిడిచింది.

"అమ్మా, నీకేం కాలే కదా?"

లావణ్య నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను.

"అమ్మా చెప్పు. ఒక్కసారి చెప్పు. ఇంకెప్పుడు అడగ. అమ్మా!" పిల్ల తన తల్లి చేతులు తిప్పి తిప్పి చూసింది, కొంగు లాగి పొట్ట చూసింది, రక్తం కోసం. "అత్తా, నువ్వన్న చెప్పు! చెప్పుమను!" నేను నోరు తెరవలేదు. అది ఎంత పెద్ద పనో నాకు తెలిసినంతగా ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. తల్లి కాళ్ల మీద పడిపోయింది శ్రీనిధి. డ్యూటీ బట్టల్లో గుమ్మం దగ్గర నిలబడ్డ రాజేశం ముఖం పక్కకు తిప్పుకుని బయటికి పోయాడు. లావణ్య ఆగగలిగినంత ఆగింది. చివరికి బిడ్డను వాటేసుకుని బావురుమంది.

"ఏం కాలేదు బిడ్డా! నాకేం కాలేదు! మంచిగున్న!"

శ్రీనిధి ముఖం తేటపడింది. వెంటనే మబ్బు పట్టింది. ఓడిపోయామని ముగ్గురికీ తెలుసు. ఎవరూ ఎవరినీ తిట్టలేదు. లావణ్య కళ్లు తుడుచుకుని మిగిలిన బీరకాయలు కోసింది. పిల్ల లోపలి గదిలోకి పోయి గోడ వైపు తిరిగి పడుకుంది. నేను పోయి పక్కన పడుకున్నాను. ఫ్యాన్ తిరుగుతోంది. నిద్రపోయిందనుకున్నాను. కానీ గోడతో మాట్లాడినట్టు మాట్లాడింది.

"నీకు ఎప్పుడు పోయింది అత్తా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. "పోలేదు," అన్నాను.

శ్రీనిధి గోడ సున్నాన్ని గోటితో గీకింది. తర్వాత, "మరి ఇన్నేండ్లు ఎట్ల బతికినవ్?" అంది.

ఇన్నేళ్లలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. డాక్టర్లు అడగలేదు, నేను కూడా అడుక్కోలేదు. "మధ్యమధ్యల మంచి దినాలు వస్తుండె," అన్నాను.

"నిజంగనా? నన్ను ఊకుంచేతందుకు చెప్తున్నవా?"

ఈ పిల్ల దగ్గర ఊరికే మాట పారేయకూడదు. హాస్టల్ రోజులు, క్లాసులో పిల్లల గోల, నా కొడుకు నడక నేర్చిన వాకిలి, సత్యంతో సినిమాలకు పోయిన సాయంత్రాలు, అన్నీ మనసులో ఒకసారి తడిమి చూసుకున్నాను. ఉన్నాయి. "నిజంగనే," అన్నాను. "నీకు నాకంటే ఎక్కువుంటయ్. నాకు మందు దొరికేసరికి సగం ఉమరు అయిపోయింది. నీకు ఇప్పుడే దొరికింది."

ఆమె నా వైపు తిరిగింది. కళ్లు వాచి ఉన్నాయి. "గా మంచి దినాలల్ల ఏం చేస్తుంటివి?"

"ఏం చేస్తుంటి? వంట చేస్తుంటి. బడికి పోతుంటి. మీ మామతోని కొట్లాడుతుంటి. బట్టలు మడత పెడుతుంటి. అందరు చేసేటియే."

శ్రీనిధి దాన్ని లోపల ఎక్కడో పెట్టుకుంటున్నట్టు కళ్లు మూసుకుంది. పన్నెండేళ్ల పిల్లలు ఏమేమో కోరుకుంటారు. మా బడిలో అడిగితే పైలట్ అనేవాళ్లు, కలెక్టర్ అనేవాళ్లు, సముద్రం చూడాలనేవాళ్లు.

"నాకు గట్లనే ఉంటె చాలు అత్తా," అంది. "ఊకె అమ్మ పక్కపొంటి కూసుండి కూరగాయలు కోస్తే చాలు."